నలభై మూడు చిక్కుడు గింజలు

ఆ శనివారం ఇంట్లో ఉన్నవాళ్లు: పిన్ని, బాబాయి, అక్క, గ్యాస్ స్టవ్ బాగుచేయడానికి వచ్చిన మనిషి, నేను.

అక్క అంటే పిన్ని కూతురు, నాకన్నా పది నెలలు పెద్ద. బాబాయి ఉన్నాడని రాశాను గానీ ఆయన పేపరు వెనక ఉన్నాడు. పేపరు వెనక ఉన్నప్పుడు ఆయన ఇంట్లో ఉన్నట్టు లెక్క కాదని పిన్నే అంటుంది. స్టవ్ మనిషి వంటింటి గట్టు మీదకి వంగి బర్నర్ కన్నాల్లో సన్నటి తీగతో పొడుస్తున్నాడు. నేను వెనక వరండాలో పీట మీద కూర్చుని టైలరమ్మగారి చిక్కుడు గింజలు ఏరుతున్నాను.

మా ఊళ్లో బడి పదో తరగతితో ఆగిపోతుంది. ఆపైన చదవాలంటే నేను పిన్ని ఇంట్లో ఉండాలి. పిన్ని ఉండమన్నంతవరకే ఉండాలి. ఉంటున్నందుకు నేను చేసే పని గింజల పని. ప్రతి శనివారం గుడ్డసంచీ భుజాన వేసుకుని వీధిలో ఇంటింటికీ వెళ్తాను. ఎవరి పెరట్లో బెండకాయ ఎండి చీలిందో, ఎవరి దోసకాయ పండి పచ్చబడిందో, ఎవరి బంతిపువ్వు వాడి ఎండుగడ్డిలా అయిందో చూసి, అడిగి, కోసుకొస్తాను. అడగడం అంటే నేను నోరు తెరిచి అడగను. గేటు దగ్గర నిలబడతాను. సంచీ చూసి వాళ్లే రమ్మంటారు.

తెచ్చినవాటిని శుభ్రం చేయడం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. టమాటా గుజ్జు మూడు రోజులు గిన్నెలో పులవాలి. అప్పుడే గింజ మీది జిగురు వదులుతుంది. ఆ మూడు రోజులూ అక్క నన్ను పక్కన కూర్చోనివ్వదు. దోసగింజల్ని నీళ్లలో వేస్తే మంచివి మునుగుతాయి, తాలువి పైకి తేలతాయి. తేలినవాటిని పారబోస్తాం. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అక్క నా జబ్బ పట్టుకుని చూసి, "దీన్ని నీళ్లలో వేస్తే తేలుతుందే అమ్మా!" అంది. అప్పటినుంచి ఇంట్లో నా పేరు తాలు. "తాలూ, నా జడ వెయ్యి." "తాలూ, టీ చల్లారిపోయింది." బాబాయి ఒక్కడే అలా పిలవడు. ఆయన అసలు పిలవడు.

నెలలో మొదటి ఆదివారం మా ముందు వరండాలో గింజల మార్పిడి జరుగుతుంది. పద్దెనిమిది ఇళ్లవాళ్లు వస్తారు. ఎవరి గింజలు వాళ్లు బల్ల మీద పెట్టి, కావలసినవి మార్చుకుంటారు. ఇది పిన్ని మొదలుపెట్టిందే. నియమాలన్నీ పిన్నివే. కవర్ల మీద రాత నాది, ఎందుకంటే నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. కానీ వచ్చినవాళ్లందరూ ముందు వెళ్లేది టైలరమ్మగారి దగ్గరికి.

టైలరమ్మగారు నలభై ఏళ్లు బట్టలు కుట్టింది. ఇప్పుడు కళ్లకి మంచు కమ్మినట్టుంటుందట, మనుషులు నీడల్లా కనిపిస్తారట. మిషను మీద దుప్పటి కప్పేసింది. కానీ వేళ్లు మాత్రం అన్నీ చూస్తాయి. మార్పిడిలో ఎవరైనా దగ్గరికొస్తే చీర అంచు పట్టుకుని, "ఇది ఒక్క ఉతుకుకే పాడవుతుందమ్మా, ఎందుకు కొన్నావు?" అని అడిగేస్తుంది. ఆమె గింజల్ని పాత బొత్తాల డబ్బాల్లో దాస్తుంది. అందులో అందరికీ కావలసింది ఒక్కటే: ఎర్రచుక్కల చిక్కుడు. తెల్లటి గింజ, ఒళ్లంతా సూదితో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు. ఇరవై రెండేళ్లుగా ఏ ఏటి గింజ ఆ ఏటికి నాటి, కాయించి, మళ్లీ దాచుకుంటూ వచ్చింది. నిరుటి గింజ అట్టిపెట్టుకోదు. పాత గింజకి మొలకెత్తే ఓపిక ఉండదంటుంది.

ఈ ఏడు ఆమె ఇంటి ప్రహరీ గోడ కూలితే మళ్లీ కట్టారు. మేస్త్రీలు సిమెంటు నీళ్లు పాదులోకే వంపారు. పాదు మాడిపోయింది. దక్కినవి నలభై మూడు గింజలు. ఇంకెక్కడా లేవు. తీసుకున్నవాళ్లందరూ కాయలు కోసుకు తిన్నారే గానీ ఒక్కరూ గింజకి వదల్లేదు, కావాలంటే టైలరమ్మగారు ఉందిగా అనుకున్నారు.

ఆ నలభై మూడూ ఆమె నా చేతిలో పోసింది.

"ఏమే పిల్లా, నాకు పుచ్చులు కనపడవు. వేలికి తగిలేంత కన్నమైతే తెలుస్తుంది గానీ సూదిమొన అంతయితే తెలీదు. నువ్వు ఏరిపెట్టు. మార్పిడి రోజున వచ్చి తీసుకుంటాను. పదో పన్నెండో ఇస్తాను వాళ్లకి, మిగతావి నాకు. ఇవి పోతే ఇక లేవు, తెలిసిందా? తల ఊపుతున్నావా? నాకు తల ఊపితే ఏం తెలుస్తుందే, నోటితో చెప్పు."

"తెలిసింది మామ్మగారూ," అన్నాను.

"అబ్బో, గొంతుంది!" అని నవ్వింది.

ఆమె మంచి మనిషని రాయడం లేదు. ఆమె నాలుక కత్తెరే. పోయిన నెల మార్పిడిలో, అందరూ ఉండగా, పిన్నితో అంది: "నువ్వు ఇచ్చిన దోసగింజలు నాటానమ్మాయ్. కాయ కొరికాను. మాత్ర నమిలినట్టే ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లే పని తప్పింది." పద్దెనిమిది ఇళ్లవాళ్లూ నవ్వారు. పేపరు వెనక బాబాయి కూడా నవ్వాడు, పేపరు ఊగింది. పిన్ని అప్పుడు నవ్వేసింది. ఆ మధ్యాహ్నం మాత్రం అన్నం తినలేదు.

ఆ శనివారం నేను ఏరడం పూర్తయింది. ఆరు పుచ్చినవి. ముప్ఫై ఏడు మంచివి.

"అమ్మా, ఏదన్నా పెట్టి చూడండి ఒకసారి," అన్నాడు స్టవ్ మనిషి. పిన్ని గిన్నెలో నీళ్లు పెట్టింది. "చూశారా, నీలంగా వస్తోంది మంట. ఎర్రగా ఉంటే కోపంలో ఉన్నట్టు. నీలంగా ఉంటే పని చేస్తున్నట్టు."

"అయితే మా అమ్మ మంట ఎప్పుడూ ఎర్రదే," అంది అక్క.

"నోరు ముయ్యి," అంది పిన్ని. నీళ్లు సలసలా కాగుతున్నాయి. ఆమె మంట తగ్గించలేదు. వరండాలోకి వచ్చి నా చేట వైపు చూసింది.

"ముసలావిడవేనా?"

తల ఊపాను.

"వాటికి కాస్త వేడినీళ్లు చూపించు. పురుగు చస్తుంది."

మా ఊళ్లోనూ గింజలకి నీళ్లు చూపిస్తారు. నాటే ముందు, గోరువెచ్చగా, వేలు పెడితే హాయిగా ఉండాలి.

"గోరువెచ్చగానా పిన్నీ?"

"వేలు పెట్టగలిగితే అది వేడే కాదు. పొయ్యి మీద కాగుతున్నాయిగా, అవే. రెండు నిమిషాలు గడియారం చూసి ఉంచు." తర్వాత గొంతు తగ్గించి, ప్రేమగా మాట్లాడింది. "వచ్చే నెల మీ నాన్న వస్తానన్నాడే. నిన్ను పంపెయ్యాలా, ఉంచుకోవాలా అని అడుగుతాడు. ఏం చెప్పను? మాట వినే పిల్లయితే ఉంచుకుంటానంటాను. అంతేగా?"

స్టవ్ మనిషిని పంపి గేటు వేయడానికి పిన్ని వెళ్లింది. ఆ కాస్తలో నేను చేటలోంచి అందినన్ని తీసి నోట్లో వేసుకున్నాను. ఎడమ బుగ్గలో నాలుగు, కుడి బుగ్గలో మూడు పట్టాయి. ఇంకొకటి పెడితే బుగ్గ ఉబ్బేది.

పిన్ని వెనక్కి వచ్చి, "కానివ్వు మరి," అంది. తల ఊపాను. అక్క గుమ్మంలో నిలబడి, "ఏం తాలూ, నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా, పలకవేం?" అంది. "పలికితే ముత్యాలు రాలిపోతాయని దాని భయం," అని తనే జవాబు చెప్పుకుని వెళ్లిపోయింది. ఆ ఇంట్లో నేను మాట్లాడకపోవడం ఎవరికీ వింత కాదు. ఆ రోజు అది నాకు పనికొచ్చింది.

ముప్ఫై గింజలూ కాగే నీళ్లలో వంపాను. ఎర్రచుక్కలు ముందు మెరిశాయి. తర్వాత రంగు వదిలి నీళ్లు పలచటి గులాబీ రంగుకి తిరిగాయి. గడియారం చూస్తూ నిలబడ్డాను. రెండు నిమిషాలు పూర్తయ్యాయి. పిన్ని పక్కనే ఉంది. ఒక్క గింజ కూడా తేలలేదు. అన్నీ మంచి గింజల్లా అడుగునే కూర్చున్నాయి.

నీడలో ఆరబెట్టాను. నోట్లోవి స్నానాల గదిలో చేతిలోకి ఉమ్మి, తుడిచి, ఆరాక నా డైరీ అట్టకున్న జేబులో దాచాను. ముప్ఫైనీ మూడు కవర్లుగా చేశాను, కవరుకి పది. మూడింటి మీదా గుండ్రంగా రాశాను: ఎర్రచుక్కల చిక్కుడు. టైలరమ్మగారి పాదు.

మరుసటి వారం పిన్ని కొత్త నియమం పెట్టింది. ఇకమీద మార్పిడికి వచ్చే ప్రతి రకం నుంచీ పది గింజలు వారం ముందే తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. మార్పిడి రోజున అందరి ముందూ విప్పాలి. పదిలో కనీసం అయిదైనా మొలవకపోతే ఆ గింజలు తెచ్చినవాళ్ల బల్ల తీసేస్తారు. "చచ్చు గింజలిచ్చి మనుషుల్ని మోసం చెయ్యకూడదు కదండీ," అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ బాగుందన్నారు. టైలరమ్మగారు కూడా బాగుందంది. "ముందు మీ దోసని చుట్టమ్మా," అంది.

మార్పిడి ఆదివారం వచ్చింది. టైలరమ్మగారు కర్రతో నేల తడుముకుంటూ వచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది. నేను పక్కనే కవర్లు సర్దుతున్నాను.

"ఎన్ని పుచ్చాయే?" అని మెల్లగా అడిగింది.

"పదమూడు," అన్నాను. ఆరు అని చెప్పి ఉంటే తక్కిన ఏడు ఏమయ్యాయని అడిగేది.

"పదమూడా!" అంది. "పోనీలే. ముప్ఫై ఉన్నాయిగా."

పిన్ని ఒక్కో తడిగుడ్డా విప్పుతోంది. బెండ పదికి తొమ్మిది. టమాటా పదికి పది. పిన్ని దోసకి పదికి ఎనిమిది, చప్పట్లు కూడా కొట్టారు. చివరికి, నా మూడు కవర్లలో ఒకదానివి చుట్టిన చిక్కుడు గుడ్డ విప్పింది. విప్పకముందే వాసన వచ్చింది. ముందు వరసలో కూర్చున్న మందులషాపాయన ముక్కు మూసుకున్నాడు. పది గింజలూ జిగురు పట్టి, చర్మం ఊడి, వేలు తగిలితే మెత్తగా చితికిపోతున్నాయి.

"పదికి సున్నా," అంది పిన్ని. ఆ మాట చాలా నెమ్మదిగా, బాధపడుతున్నట్టు అంది. "నాకు నోట మాట రావడం లేదండీ. పెద్దావిడ. ఏమనగలం?"

"పోయినేడాదివి కూడా ఇలాంటివేనేమో," అంది ఒకావిడ. పోయినేడు ఆమె ఇంటినిండా ఆ చిక్కుళ్లే కాశాయి.

"కళ్లు కనపడనప్పుడు మానెయ్యాలి," అంది ఇంకొకావిడ. అప్పటికే కవరు తీసుకున్న మందులషాపాయన దాన్ని తిరిగి బల్ల మీద పడేశాడు. బుట్టలో చెత్త వేసినట్టు వేశాడు. అక్క వచ్చి బల్ల ఒక కాలు పట్టుకుని లాగింది. "మామ్మగారూ, కాస్త లేస్తారా? బల్ల తీసెయ్యాలి, నియమం."

టైలరమ్మగారు లేవలేదు. పడేసిన కవరు విప్పి ఒక గింజ తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పింది. ఇంకొకటి తీసింది. మూడోది తీసింది. ఆమె ముఖం మారింది.

"ఇది ఉడుకునీళ్లు తగిలిన గుడ్డ," అంది.

"గుడ్డేమిటండీ, గింజలైతే!" అని ఎవరో నవ్వారు.

"నలభై ఏళ్లు బట్ట పట్టుకున్న చేతులమ్మా ఇవి. కొత్త గుడ్డ ఎలా ఉంటుందో, వేడినీళ్లలో ముంచి ఆరేస్తే ఎలా ముడుచుకుంటుందో కళ్లు మూసుకుని చెప్తాను. నా గింజ నున్నగా ఉంటుంది. వీటి తోలు ముడతపడింది. వీటిని ఎవరో ఉడకేశారు." ఆమె నా వైపు, నా నీడ వైపు తిరిగింది. "పిల్లా. నీ చేతికిచ్చాను. నువ్వు చెప్పు. వీటికి వేడినీళ్లు తగిలాయా?"

వరండా అంతా నన్ను చూసింది. అంతమంది నన్ను ఒక్కసారిగా చూడడం అదే మొదలు. పిన్ని చూపు నా మీదే ఉంది. నాన్న రాక, బస్సు, మా ఊళ్లో పదో తరగతితో ఆగిపోయే బడి, అన్నీ ఆమె కళ్లలోనే కనిపించాయి.

"దానికి నోట్లో నాలుక లేదు మామ్మగారూ, దాన్నడిగితే ఏం లాభం?" అంది అక్క.

"లేదు," అన్నాను.

గట్టిగానే వచ్చింది. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. చివరి వరస వాళ్లకి కూడా వినిపించింది.

"ఏం లేదు? సరిగ్గా చెప్పు," అంది టైలరమ్మగారు.

"వేడినీళ్లు తగల్లేదు."

"విన్నారుగా," అంది పిన్ని. "ఏడాదిగా ఉంటోంది, ఈ పిల్ల అందరి ముందూ నోరు విప్పడం ఇదే మొదటిసారి. ఇది అబద్ధం చెప్పే రకమా, మీరే చెప్పండి."

కాదన్నారు. ఒకావిడ నా తల నిమిరింది కూడా.

టైలరమ్మగారు తన వంతు పది గింజల కవరు వెతికి తీసుకుని, కర్ర పట్టుకుని లేచింది. మెట్ల దగ్గర తడబడింది. ఎవరూ చెయ్యి అందించలేదు. నేను కూడా. ఆమె గేటు దాటకముందే అక్క ఆ బల్ల మీద పిన్ని దోసగింజలు పరిచేసింది.

సాయంత్రం వంటింట్లో పిన్ని నాకు టీ ఇచ్చింది. ఏడాదిలో ఆమె చేత్తో ఇవ్వడం అదే మొదలు. "చూడూ," అంది, "ఎవరైనా ఎప్పుడైనా అడిగితే, నేను చూపించమన్నానంతే. ముంచమన్నానా? ముంచింది నువ్వు. గుర్తుంచుకో." టీ బాగానే ఉంది. తాగాను.

సోమవారం కాలేజీ నుంచి వస్తూ టైలరమ్మగారి ఇంటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఏడు గింజలు ఉన్నాయి. ఏడు చాలు, వచ్చే ఏటికి మళ్లీ డబ్బా నిండుతుంది. అవి చూసి ఆమె నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. నా బంగారు తల్లీ, ఇన్నయినా దాచావా అంటుందనుకున్నాను. దారిపొడవునా ఆ మాటే నెమరేసుకుంటూ నడిచాను.

తలుపు కొట్టాను. ఆమె తలుపు తీసి, అడ్డంగా నిలబడింది. వెనక గదిలో దుప్పటి కప్పిన మిషను, దాని మీద ఖాళీ బొత్తాల డబ్బా మూత తీసి ఉంది.

"ఎవరు?"

"నేనే మామ్మగారూ." గింజలు ఆమె అరచేతిలో పెట్టాను.

ఆమె వేళ్లు వాటి మీద మెదిలాయి. ఒక్కోదాన్నీ తిప్పింది, గోటితో మీటింది. ఒకదాన్ని పెదవికి ఆనించి చూసింది. ముఖం మెత్తబడింది. అంతే, ఇక అంటుంది అనుకున్నాను.

"బతికే ఉన్నాయి," అంది. "ఏడు."

"అవును మామ్మగారూ."

"వీటికి పుచ్చు లేదే. పదమూడు పుచ్చాయన్నావు."

నేను పుస్తకాల సంచీ రెండో భుజానికి మార్చుకున్నాను.

"దాచావన్నమాట." గింజల మీద గుప్పిట మూసింది. "నిన్నంతా నీ వైపే ఆలోచిస్తున్నానే నేను. పల్లెటూరి పిల్ల, ఏదో మంచి చేద్దామని నీళ్లు చూపించి ఉంటుంది, వేడి ఎక్కువైంది, భయపడి లేదనేసింది అనుకున్నాను. తెలియక చేసినదాన్ని ఏమంటాం? కానీ నువ్వు ముందే ఏడు పక్కన పెట్టావు. అంటే ఏమవుతుందో నీకు తెలుసు. తెలిసే తక్కినవి ముంచావు."

అది నిజం. ఆ ఏడూ తేకుండా ఉంటే ఆమె నన్ను క్షమించి ఉండేది.

"పిన్ని..." అన్నాను.

"మీ పిన్ని సంగతి నాకు తెలుసు. ఆవిడ నన్ను తిట్టినా పొడిచినా నాకు వింత లేదు. నేనూ ఆవిణ్ణి వదల్లేదుగా." ఆమె నా భుజం తడిమి పట్టుకుని నన్ను వీధి వైపు తిప్పింది. "మీ వాకిట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వస్తోంది. మీ పిన్నేనా?"

పిన్నే. నాలుగిళ్ల అవతల పైపుతో మొక్కలకి నీళ్లు పడుతోంది. గేటు దగ్గర మందులషాపాయన భార్య నిలబడి ఆమెతో మాట్లాడుతోంది.

"నిన్న లేదన్నావే, ఎంత బాగా వినపడిందో! అదే గొంతుతో ఇక్కణ్ణించి ఒక్క మాట అను. తగిలాయి, నేనే ముంచాను అని. నాలుగిళ్లే, వినపడుతుంది. నీ ఏడు గింజల్నీ నిన్నూ కలిపి లోపలికి రమ్మంటాను."

నోరు తెరిచాను. బుగ్గల్లో ఏమీ లేదు. అయినా మాట రాలేదు. పిన్ని తలెత్తి ఇటు చూసినట్టనిపించింది. చూసిందో లేదో కూడా నాకు తెలియదు. నేను తల దించుకున్నాను.

టైలరమ్మగారు చాలాసేపు ఆగింది. పైపు నీళ్లు ఆగాయి, మా గేటు మూసిన చప్పుడైంది, అప్పటిదాకా ఆగింది. తర్వాత ఏడు గింజల గుప్పిట విప్పకుండానే, రెండో చేత్తో గుమ్మం పక్క మేకుకి వేలాడుతున్న సంచీలోంచి నిన్నటి కవరు తీసి, నా చేతిలో పెట్టింది. ఉడికిన పది గింజలూ అందులోనే ఉన్నాయి. దాని మీద గుండ్రంగా నా రాత.

"నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుందంటారు అందరూ," అంది. "నాకు కనపడదుగా. నువ్వే ఉంచుకో."

తలుపు వేసేసింది.